బోర్డు మీద మొదటి పేరు

నా చిన్నప్పుడు నాచారంలోని మా బడిలో ఫస్టు ర్యాంకు ఎవరిదైతే వాళ్ళే క్లాసు లీడరు. మార్కులు వచ్చినవాళ్ళకు బుద్ధి కూడా వచ్చేసి ఉంటుందని పెద్దవాళ్ళ నమ్మకం కాబోలు. అయిదో తరగతిలో ఆ లీడరును నేనే. టీచరమ్మ బయటికి వెళ్ళగానే చాక్‌పీసు పట్టుకుని, మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి. అబ్బో, ఏం దర్జా వెలగబెట్టానో!

ఒకసారి లెక్కల పరీక్షలో, ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె కూతురికి నాకన్నా రెండు మార్కులు ఎక్కువొచ్చాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ శనివారం నీతి పాఠం పీరియడులో టీచరమ్మ ఆఫీసు గదికి వెళ్ళగానే ఆ పిల్ల పేరు రాసేశాను. మెడకు రుమాలు చుట్టుకుని మూలన కూర్చుంది పాపం, పెదవి కూడా కదపలేదు.

ఎందుకు మాట్లాడావని టీచరమ్మ అడిగితే తల అడ్డంగా ఊపింది. ఎన్నిసార్లు అడిగినా అంతే. పొగరనుకుని, చెక్క స్కేలు నిలువుగా పట్టి వేళ్ళ కణుపుల మీద కొట్టారు. ఆ తర్వాత నిజాయితీ పాఠం నన్ను చదవమన్నారు. గడగడా చదివాను.

సోమవారం వాళ్ళమ్మ దవాఖానా చీటీ పట్టుకుని వచ్చింది. "గొంతు వాసి మూడు దినాల సంది మాటనే వస్తలేదు నా బిడ్డకు. అసుంటిది ముచ్చట్లు ఎట్ల వెట్టింది టీచరమ్మా?"

టీచరమ్మ చీటీ చదివి, ఆమెకు రెండు చేతులూ జోడించారు. నేను భయంతో అరచెయ్యి చాపాను. కొట్టలేదు.

"కొడితే నీకు చెల్లుకు చెల్లయితది. మార్కులు జూసి నిన్ను లీడర్‌ను జేసుడు నా తప్పు. ఇగ ఏడాదంత నువ్వే లీడర్‌వు. రోజూ బోర్డు మీద మొదటి పేరు నీదే రాయాలె."

ఏడాదంతా రాశాను. వెనక బెంచీల వాళ్ళు రోజూ కిసకిసలాడేవారు. చచ్చిపోవాలనిపించేది.

ఆ పిల్లకు గొంతు బాగయ్యాక తప్పయిందని బతిమాలాను. "పేరు రాసినందుకు కాదే. నేను దెబ్బలు తింటుంటె నువ్వు నవ్వినవ్" అంది. మళ్ళీ నాతో మాట్లాడలేదు.

నిజమే, నవ్వాను. చూశారా, ఆ ముక్క మీకు కూడా ఇందాక చెప్పకుండా దాటేశాను. ఉప్పల్‌లో చదివే నా మనవరాలు మొన్న క్లాసు లీడరయింది. కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. నవ్విన సంగతి మాత్రం చెప్పలేకపోయాను.