ఇటుక మీద టబ్బు

పెద్దత్తయ్య ఉన్నంతకాలం ఆ ఇంట్లో నీళ్ళున్న పాత్ర ఏదీ ఐదు నిమిషాలకు మించి నిటారుగా నిలబడలేదు. బకెట్, మగ్గు, కుక్క తాగే గిన్నె, ఏదైనా సరే, ఎవరూ చూడకుండా వదిలేసిన నీళ్ళు కనిపిస్తే చాలు, ఒలకబోసి బోర్లించేసేది. ముప్పై ఏళ్ళు ఈత నేర్పిన మనిషి ఆవిడ. నిలువెత్తు లోతులోకి నవ్వుతూ దూకేది గానీ, చెంబెడు నీళ్ళను మాత్రం పామును చూసినట్టు చూసేది.

ఒకసారి ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్, కోడలు ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి ఫోను తీశాడు. తలెత్తేసరికి గ్లాసు బోర్లా ఉంది.

"అయ్యో, నేనింకా తాగలేదమ్మా!"

"చూడటం లేదుగా నువ్వు," అంది పెద్దత్తయ్య, గుడ్డతో బల్ల తుడుస్తూ.

ఎండలు ముదిరితే వీధిలో ప్రతి పెరట్లోనూ పసిపిల్లల టబ్బులు వెలిసేవి. తల్లులు మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి అన్నీ బోర్లా పడి ఉండేవి. "ఈ వీధిలో మిట్టమధ్యాహ్నం ఏదో తిరుగుతోందండీ," అనేవాడు ఇస్త్రీ అతను గొంతు తగ్గించి. ఆ 'ఏదో' పక్కనే నిలబడి, "అవునా!" అని కళ్ళు పెద్దవి చేసేది.

కోడలికి అది నవ్వులాట కాదు. తన రెండేళ్ళ బుడ్డోణ్ణీ, పక్కింటి చిట్టినీ నీళ్ళలో ఆడించడమంటే యుద్ధమే. టోపీ పెడితే పడవ చేస్తారు. పైపులో నిలిచిన నీళ్ళు ఎండకు కాగి సుర్రుమంటాయి. టబ్బులో చిట్టి చడీచప్పుడు లేకుండా ఒక పని కానిస్తుంది, అవే నీళ్ళు బుడ్డోడు తాగేస్తాడు. పైగా పెద్దత్తయ్య షరతు ఒకటి: టబ్బు ఒక అంచు కింద ఇటుక ఉండాల్సిందే.

"వంకరగా ఉందత్తయ్యా, పిల్లలు జారిపోతున్నారు."

"జారనీ. ఇటుక తీశావంటే నీతో మాట్లాడను అమ్మాయ్!"

ఆట అయ్యాక టబ్బును బోర్లించి, దాని వీపు తట్టి, "బజ్జో," అనేది. పిల్లలూ తట్టేవాళ్ళు.

చలికాలంలో పెద్దత్తయ్య పోయింది. ఇంట్లో గిన్నెలన్నీ నిటారుగా నిలబడ్డాయి. కోడలికి వాటివైపు చూడబుద్ధి కాలేదు.

మళ్ళీ ఎండలొచ్చాయి. అలవాటుకొద్దీ ఇటుక పెట్టి టబ్బు నింపింది. ఆట అయ్యాక పిల్లల్ని హాల్లోకి తెచ్చి తుడిచింది. ఆ నీళ్ళు సాయంత్రం మొక్కలకు పోయొచ్చని వదిలేసింది. చిట్టికి గౌను తొడిగి పెరట్లోకి చూస్తే, టబ్బు బోర్లా ఉంది.

గాలి లేదు. ఆకు కదలడం లేదు. గేటుకు వేసిన గడియ వేసినట్టే ఉంది. టబ్బు దగ్గర్నుంచి గుమ్మం దాకా వచ్చిన తడి మరకలు ఆమె చూస్తుండగానే ఆరిపోయాయి.

మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే.

"నీకు ఎండ తగిలింది," అన్నాడు భర్త.

"టబ్బుకు కూడా తగిలిందా?"

అతను నవ్వబోయి, పెరటివైపు చూసి మానేశాడు.

నాలుగోనాడు చిట్టిని చంకనేసుకుని తలుపు చాటున నిలబడింది. తెల్లటి ఎండలో టబ్బు ఒక్కటే ఉంది. నీళ్ళు వాటంతట అవే కదులుతున్నట్టు అనిపించింది. ఇంతలో వంటింటి గుమ్మంలోంచి తువ్వాలు ఈడ్చుకుంటూ బుడ్డోడు దిగాడు. తిన్నగా వెళ్ళి, టబ్బు దిగువ అంచుకు పొట్ట ఆనించి, నీళ్ళలోకి వంగాడు. ముఖానికీ నీళ్ళకూ మధ్య బెత్తెడు దూరం.

కోడలు చిట్టిని దించేసి పరిగెత్తింది. ఆమె చేరేలోపే ఇటుక మీది టబ్బు వాడి బరువుకు ఒరిగిపోయింది. నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. చతికిలబడ్డ బుడ్డోడు లేచి, టబ్బును తోసి బోర్లించి, దాని వీపు తట్టాడు.

"బజ్జో."

ఆ ఇటుక ఎందుకో ఆమెకు అప్పుడు తెలిసింది. వాణ్ణి ఎంతసేపు గుండెలకు హత్తుకుందో తెలియదు. సాయంత్రం ఒక ఇటుక పట్టుకుని పక్కింటికి వెళ్ళింది. అక్కడి టబ్బు కింద అప్పటికే ఒకటి ఉంది. ఎదురింట్లోనూ ఉంది.

"పోయినేడు మీ పెద్దత్తయ్యే తెచ్చి పెట్టింది. తీస్తే మాట్లాడనంది," అంది చిట్టి వాళ్ళమ్మ. "ఇప్పుడు తీస్తే మాట్లాడుతుందేమోనని భయం!"

వారం తిరక్కుండా ఫ్యాను మళ్ళీ మొరాయించింది. ఎలక్ట్రీషియన్ గ్లాసు బల్ల మీద పెట్టి ఫోను తీశాడు. తలెత్తేసరికి గ్లాసు బోర్లా ఉంది. అతని ముఖం పాలిపోయింది.

"అమ్మా... పెద్దమ్మగారు పోయారన్నారుగా?"

"చూడటం లేదుగా మీరు," అంది కోడలు, గుడ్డతో బల్ల తుడుస్తూ.