గురువారం కూటం లేదన్నాను

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. దాని బరువు మాత్రం నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. బేస్తవారిపేట దగ్గర మా పాలెంలో, ఏసు మందిరంలో గంట కొట్టేవాణ్ణి నేను. బుద్ధిమంతుణ్ణని పేరు. ఆ పేరు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. పెద్దయ్యాక నేను వేరే ఇంట్లో ఒక్కడినే ఉండేవాణ్ణి. అక్క మొగుడు, మా బావ, గొర్రెలు మేపేవాడు. మంచివాడే, దీపాలు పెట్టే వేళ వరకు. ఆ తర్వాత సారా దుకాణం. పక్కనే ఉన్న కడప జిల్లాలో మద్రాసు సర్కారు సారా ఎత్తేసిందని విన్నాం. మా కర్నూలు జిల్లాలో మాత్రం దుకాణాలకు ఏటేటా వేలం పాట జరుగుతూనే ఉండేది.

కంభంలో గురువారం మధ్యాహ్నం ఒక కూటం జరిగేది. తాగుడు మానాలనుకునేవాళ్లు అక్కడి మందిరం వెనక వసారాలో కూర్చుని, ఎవరి బాధ వాళ్లు చెప్పుకునేవారు. నడిపేది మందిరంలో వాక్యం చెప్పే ఒక ముసలి ఉపదేశి. ఆయనా ఒకప్పుడు తాగినవాడే. వాళ్లకొక కట్టడి ఉండేది. కొత్తగా వచ్చేవాడు తనకో తోడును తెచ్చుకోవాలి. ఆ తోడు రోజూ దీపాలు పెట్టే వేళకు అతని ఇంటికి పోయి, అతనితో కలిసి సంగటి తినాలి. కడుపు నిండి, పక్కన మనిషి ఉంటే దుకాణం వైపు కాళ్లు పోవని వాళ్ల నమ్మకం.

సరుకుల బండి తోలుకుని గురువారం గురువారం కంభం పోయేవాణ్ణి నేనే. అందుకే బావ నన్ను అడిగాడు. ఒక బుధవారం గొర్రెలను దొడ్డికి తోలి, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. తాగి లేడు.

"ఏరా, రేపు ఆ కూటం ఉంటదా?"

"ఏంది బావా, ఎందుకు?"

"నేను గూడా పోదామనుకుంటున్నా. తోడు కావాలంట గదా, నువ్వు రారా. మీ అక్క మొగం చూడలేకపోతున్నా."

"లేదు బావా. ఉపదేశి గిద్దలూరు పోయినాడంట. కూటం ఎత్తేసినారంట."

"అట్లనా," అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

ఎందుకన్నాను ఆ మాట? బావ మీద నాకు కోపమా? లేదు. నేనూ తాగేవాణ్ణి. ఎవరికీ తెలియకుండా, వాగు అవతల కూర్చుని, సరిగ్గా దీపాలు పెట్టే వేళకే. రోజూ ఆ వేళకు బావ ఎదురుగా సంగటి తింటూ కూర్చుంటే నేనెప్పుడు తాగాలి? అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉందేమోనని ఎన్నోసార్లు నాలో వెతుక్కున్నాను, ఉంటే కాస్త గౌరవంగానైనా ఉండేదని. లేదు.

మరునాడు బండి తోలుకుంటూ ఆ వసారా ముందు నుంచే పోయాను. లోపల మనుషులున్నారు. ఎవరో నవ్వుతున్నారు. నేను తల తిప్పుకున్నాను.

బావ మరింత తాగాడు. ఒక సాయంత్రం ఆ మత్తులో అక్కను చెంప మీద కొట్టాడు. అప్పటి నుంచి ఆమెకు ఎడమ చెవి వినపడదు. కొట్టింది బావ చెయ్యే, కాదనను. కానీ ఆ చెయ్యి సాయం కోసం ముందు నా దగ్గరికే వచ్చింది కదా?

చేసిన పనికి బావే బెదిరిపోయాడు. ఉపదేశి తిరిగొచ్చి ఉంటాడేమోనని, తోడు లేకుండానే కంభం పోయాడు. ఉపదేశి వెనక్కి పంపలేదు. కొన్నాళ్లు తన ఇంట్లోనే ఉంచుకుని, తానే తోడుగా కూర్చుని తిన్నాడు. కూటం మళ్లీ మొదలుపెట్టారని బావ అనుకున్నాడు. నేను అలాగే అనుకోనిచ్చాను.

బావ మానేశాడు. నేను మానలేదు. ఒక ఆదివారం గంట తాడు పట్టుకోబోయి తూలిపడ్డాను. అందరూ జ్వరం అనుకున్నారు. బావకు ఆ వాసన తెలియదా? గురువారం నాడు వచ్చి, "పదరా, నీకు తోడు నేను," అని నన్ను కంభం తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం మా ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని సంగటి తిన్నాడు. ఆయన చలవ వల్లే నేనూ మానేశాను.

చెప్పేద్దామని ఎన్నిసార్లో నోరు తెరిచాను. చెబితే ఇక రాడేమో. రాకపోతే మళ్లీ తాగుతానేమో. ఇలా మానడాన్నే దాచడానికి సాకు చేసుకున్నాను. తాగినప్పుడు తాగుడు కోసం అబద్ధం, మానాక మానడం కోసం అదే అబద్ధం. సిగ్గేసింది.

నిన్న పొద్దున పోయి ఇద్దరి ముందూ చెప్పేశాను. బావ ఒక గొర్రెపిల్ల కాలి డెక్క చూస్తున్నాడు. తల ఎత్తలేదు. అక్క కుడి చెవి నా వైపు తిప్పి అంతా విన్నది. ఒక్కటే అడిగింది.

"ఆ గురువారం కూటం జరిగినాదా?"

"జరిగింది అక్కా."

లేచి లోపలికి పోయింది.

క్షమించమని నేను అడగలేదు. ఆ చెవి చూస్తూ ఎలా అడగను? కానీ ఇంటికి నడుస్తుంటే, ఎన్నో ఏళ్ల తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. నిన్న సాయంత్రం బావ రాలేదు. ఒక్కడినే తిని, చెయ్యి కడుక్కున్నాను. దుకాణం గుర్తుకు రాలేదనను. వచ్చింది. పోలేదు.

ఈ సాయంత్రం బావ వస్తాడో రాడో తెలియదు. సంగటి ఇద్దరికీ వండుతున్నాను. వస్తే మాత్రం, ఈసారి అన్నీ తెలిసి వచ్చినట్టు.