రెండు వందల పదమూడో నడుము

ఆ యూనిఫారాల కంపెనీలో కొలతలక్కను ఎరగనివాళ్లు లేరు. ఇరవై ఆరేళ్లపాటు మెడలో టేపు వేసుకుని మనుషుల్ని కొలిచిన మనిషి ఆమె. బస్సు డ్రైవర్లు, నర్సులు, ఫైర్ స్టేషన్ వాళ్లు, గేటు కాపలా వాళ్లు, ఎవరొచ్చినా ముందు ఆమె ఎదుట చేతులు చాపి నిలబడాల్సిందే. ముఖాలు మాత్రం ఆమెకు బొత్తిగా గుర్తుండవు. బజారులో ఎవరైనా పలకరిస్తే బిక్కమొహం వేసేది. వాళ్లు చిన్నబుచ్చుకుని నాలుగడుగులు వేశాక, వెనకనుంచి భుజాలు చూసి, "అయ్యో, పదిహేనున్నర! పిల్లల వార్డు నర్సమ్మ కదూ!" అని కేకేసేది.

యాభై రెండో ఏట మోకాళ్లు మొరాయించాయి. రోజుకు ముప్పైమంది చుట్టూ తిరుగుతూ, వంగి లేస్తూ కొలవడం ఇక తన వల్ల కాదని తేలిపోయింది. యజమానురాలు ఆమెను ఇంటికి పంపలేదు. ఇస్త్రీ గది పక్కనున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, కంప్యూటరు ముందు పెట్టింది. పద్నాలుగు సొరుగుల నిండా ఉన్న కొలతల కార్డుల్ని ఆమె ఎనిమిది నెలల్లో అందులోకి ఎక్కించింది. కోడి గింజలేరుకున్నట్టు రెండే వేళ్లతో కొట్టింది. మనిషికో వరుస, కొలతకో గడి. అలా పెద్ద పట్టిక తయారైంది. ఆ పట్టికంటే ఆమెకు ప్రాణం.

ఒక శుక్రవారం ఉదయం యజమానురాలు గదిలోకి వచ్చింది.

"అక్కా, బట్ట కత్తిరించే కొత్త మెషిన్ వస్తోంది. పట్టిక చూసి దానంతటదే కత్తిరించేస్తుందట. కాకపోతే దానికి ఇంచీలు తెలీవు, సెంటీమీటర్లే తెలుసు."

"ఎంతమందివి మార్చాలి మేడమ్?"

"అందరివీ."

అందరూ అంటే రెండువేల ఆరువందల నలభైమంది. మనిషికి ఏడు కొలతలు. ఆమె కాలిక్యులేటరు పక్కన పెట్టుకుని మొదలుపెట్టింది. ఇంచీని రెండు పాయింట్ ఐదు నాలుగుతో హెచ్చవేయడం, పాతది చెరపడం, కొత్తది కొట్టడం. సాయంత్రానికి నలభై ఒక్కమంది పూర్తయ్యారు. ఈ లెక్కన రెండు నెలలు దాటినా తెమలదు. దానికితోడు ఒకాయన మెడ కొలతను నడుము గడిలో కొట్టింది. చూసుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆయన గతేమిటి?

ఇంటికెళ్లాక కూతురికి ఫోన్లో మొరపెట్టుకుంది.

"అమ్మా, మీ అల్లుడి ఉద్యోగమే కంప్యూటర్లో ఇలాంటి పట్టికలు చూసుకోవడం కదా. ఆయన్నే అడుగు," అంది కూతురు.

"అల్లుణ్ణి పని అడగడమేంటే, బాగోదు!"

అల్లుడితో ఆమె మాటలు మూడేళ్లుగా "భోంచేశారా", "ఆరోగ్యం జాగ్రత్త" దాటి ముందుకు పోలేదు. ఆయనా అంతే. అత్తగారు ఎదురైతే బడిపిల్లాడిలా నిలబడేవాడు. కూతురు ఇవేవీ పట్టించుకోకుండా ఫోను తీసుకెళ్లి మొగుడి చేతిలో పెట్టేసింది.

"అత్తయ్యా, ఒక్కో గడీ మార్చుకుంటూ పోకండి," అన్నాడాయన, ఎప్పుడూ లేనిది గొంతు విప్పి. "పట్టిక మొత్తానికీ ఒకే మాట చెప్పొచ్చు."

"అదెలా బాబూ?"

"నడుము గడిలో ఎంతుందో చూసి, దాన్ని రెండు పాయింట్ ఐదు నాలుగుతో గుణించి, మళ్లీ అక్కడే పెట్టు అంటారు. మిగతా ఆరు గడులకీ అంతే. అన్నీ కలిపి ఒక్క ఆజ్ఞ. అప్‌డేట్ అని మొదలవుతుంది. నేను రాసి పంపిస్తాను. కానీ ముందు పట్టికకి నకలు తీసిపెట్టుకోండి. మీరు ఈపాటికే మార్చిన నలభై ఒక్కమందిని వదిలేయమని కూడా అందులో చెప్పాలి. ఇంకోటి, మార్చేముందు ఏయే వరుసలు మారబోతున్నాయో ఒకసారి తెర మీద చూడండి. కత్తెర పెట్టేముందు సుద్దతో గీసుకుంటారు కదా, అలాగన్నమాట."

సుద్ద మాట వినగానే ఆమెకు అంతా అర్థమైనట్టనిపించింది.

మర్నాడు నకలు తీసింది. నలభై ఒక్కమందినీ పక్కన పెట్టింది. చూడమన్నది మాత్రం చూడలేదు. అందరివీ మారాల్సినవే, ఇక చూసేదేముంది అనుకుంది. కళ్లు సగం మూసుకుని మీట నొక్కింది. రెప్పపాటులో "2,599 వరుసలు మారాయి" అని తెర మీద పడింది. రెండు నెలల పని! ఆమె మోకాళ్ల సంగతే మర్చిపోయి లేచి, ఇస్త్రీ గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్లి, ఎవరు దొరికితే వాళ్లకి చెప్పింది.

బుధవారం కత్తిరింపు హాల్లోంచి నవ్వులు వినిపించాయి. ఆ వెంటనే కటింగ్ మాస్టారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆమె కన్నా పదేళ్లు పెద్దవాడు, నోరు తెరిస్తే వేళాకోళం. రెండు చేతులూ పైకెత్తి ఖాకీ ముక్క పట్టుకుంటే, ఇంకా మూరెడు నేల మీద జీరాడుతోంది.

"చెల్లెమ్మా, ఇది ప్యాంటా, పరదానా? ఫైరింజన్ డ్రైవరుకటమ్మా. మనిషికి కుట్టమన్నారా, ఇంజనుకా?"

కొత్త మెషిన్ అలాంటివి ఆరు కత్తిరించి పెట్టింది. హాల్లో ఇద్దరు మగవాళ్లు ఒక ముక్కలో దూరి తిరుగుతున్నారట. ఆమె తెర మీద చూసింది. డ్రైవరు నడుము రెండువందల ఇరవై ఎనిమిది పాయింట్ ఆరు. అంటే హెచ్చవేయక ముందు తొంభై. తొంభై ఇంచీల నడుమున్న మనిషి నిచ్చెనెక్కుతాడా?

ఆ డ్రైవర్ని కొలిచింది ఎవరని చీటీ తీసి చూస్తే, కొలతల పనిలో మూడు నెలల కింద చేరిన కొత్త టైలరు. పిలిపించారు.

"నేను మొదట్నుంచీ సెంటీమీటర్లేనక్కా. మా పాత షాపులో అదే అలవాటు," అన్నాడతను అమాయకంగా.

"మరి మూణ్నెల్లుగా బట్టలు ఎలా సరిపోయాయయ్యా?"

అందరూ మాస్టారు వైపు చూశారు. ఆయన మెడ గోక్కున్నాడు.

"తొంభై అని రాసుంటే అవి ఇంచీలెలా అవుతాయి? ఏనుక్కి కుడుతున్నామా? టేపు రెండో వైపుకి తిప్పి పట్టుకునేవాణ్ణి."

"ఒక్క మాట చెప్పొచ్చుగా అన్నయ్యా!"

"ఇందులో చెప్పడానికేముంది?"

కొలతలక్కకు కోపం వచ్చినా అది ఎవరి మీద చూపాలో తోచలేదు. ఆ చీటీలన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది తనే. ఇరవై ఆరేళ్లు ఒక్క చూపుతో నడుములు చెప్పిన మనిషి, తొంభై అని కొడుతున్నప్పుడు అంకెను చూసింది గానీ దాని వెనకున్న మనిషిని చూడలేదు. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయబుద్ధి కాలేదు.

మాస్టారే వచ్చి పక్కన కూర్చున్నాడు. "పెద్దది చిన్నదవుతుంది, చిన్నదే పెద్దదవదు. ఆ ఆరింటినీ నేను మళ్లీ కత్తిరిస్తాలే. తిను ముందు."

యజమానురాలు మెషిన్ ఆపించింది. "తప్పెవరిదో తర్వాత చూద్దాం. పట్టిక ఎలా బాగుచేయాలో చెప్పు అక్కా."

ఈసారి అల్లుడికి ఆమే ఫోను చేసింది, కూతురి రాయబారం లేకుండా. పాత నకలు మళ్లీ పెడదామంటే, శనివారం నుంచి చేరిన కొత్తవాళ్ల వరుసలు పోతాయి. కాబట్టి పాడైన వరుసల్నే పట్టుకుని, అదే అంకెతో భాగిస్తే చాలన్నాడాయన.

"పాడైనవాటిని ఎలా పోల్చడం అత్తయ్యా?"

"అది నాకొదిలేయండి. మా టేపు అరవై ఇంచీలు. అంటే నూట యాభై రెండు సెంటీమీటర్లు. నడుము అంతకు మించి ఉంటే అది అబద్ధమే."

కొత్త టైలరు తన పుస్తకం లెక్కబెట్టి చెప్పాడు, శనివారానికి ముందు తను కొలిచింది రెండువందల పన్నెండుమందిని అని. ఈసారి ఆమె మీట మీద చెయ్యి వేయలేదు. ముందు చూపించమంది. నడుము నూట యాభై రెండు దాటినవాళ్లు, చిన్న అంకెనుంచి పెద్ద అంకెకు.

రెండువందల పదమూడు వచ్చాయి.

"ఒకటి ఎక్కువుంది బాబూ."

"ఆయన లెక్కలో ఒకటి తప్పి ఉంటుందిలెండి. కానిచ్చేయండి."

"ఉండండుండండి."

మొదటి వరుసలో నూట యాభై ఏడు పాయింట్ నాలుగు ఎనిమిది. దాని కింద ఒక్కసారిగా నూట అరవై ఏడు. మొదటివాడు ఆ గుంపులో వాడు కాడేమో అనిపించింది. అంకెను వెనక్కి భాగించింది. సరిగ్గా అరవై రెండు. పేరు ఏమీ గుర్తు చేయలేదు గానీ, అరవై రెండు అనుకోగానే ఆమె చూపుడువేలు, మధ్యవేలు వాటంతటవే దగ్గరికి చేరాయి. ఆసుపత్రి గేటు దగ్గరుండే కాపలాదారు! టేపు నడుము చుట్టూ పూర్తిగా తిరిగి రాకముందే అయిపోతే, మిగిలిన రెండించీలూ వేళ్లతో పట్టి రాసింది. ఆయన సిగ్గుతో, "ఏమ్మా, టేపు దాటేశానా?" అని అడిగితే, "టేపే పొట్టిదండీ," అని సర్దిచెప్పింది.

"బాబూ, ఇది అబద్ధం కాదు, నిజం నడుము! ఈయన్నీ భాగించి ఉంటే పదేళ్ల పిల్లాడి ప్యాంటు ఇచ్చేవాళ్లం. పాపం, గేటు దగ్గర నిలబడే మనిషి!"

అవతల అల్లుడు నవ్వడం మొదలుపెట్టాడు. మూడేళ్లలో ఆయన నవ్వు అంత పెద్దగా వినడం ఆమెకు అదే మొదలు. అది వింటూ ఆమెకూ నవ్వాగలేదు.

"అత్తయ్యా, నేనైతే పట్టేవాణ్ణి కాదు. నూట అరవై పైన అని మార్చి, మళ్లీ చూడండి."

రెండువందల పన్నెండు. కొత్త టైలర్ని, మాస్టార్ని పిలిచి, ఇద్దరి చేతా ఒక్కో పేరూ చదివించింది. నకలు ఇంకోటి తీసింది. అప్పుడు నొక్కింది. ఫైరింజన్ డ్రైవరు నడుము బుద్ధిగా తొంభైకి దిగివచ్చింది.

ఆ వారంలోనే పట్టికలో ఎనిమిదో గడి వెలిసింది, కొలిచింది ఇంచీల్లోనా సెంటీమీటర్లలోనా అని రాయడానికి. అది నింపకపోతే కంప్యూటరు ముందుకు కదలదు. ఆ గడి ఎలా పెట్టాలో అల్లుడు చెప్పాడు, పెట్టింది మాత్రం ఆమే. మాస్టారు రోజూ ఒకసారి తొంగిచూసి, "చెల్లెమ్మా, ఇవాళ ఏనుగులేమైనా వచ్చాయా?" అని అడిగి పోతున్నాడు.

నెల తిరిగాక ఆసుపత్రి కాపలాదారు కొత్త యూనిఫారం కోసం వచ్చాడు. ఆమె గదిలోంచి లేచి వెళ్లింది. ఆయన తెర వెనక వేసుకుని బయటికొచ్చి, బొత్తాములు తడుముకున్నాడు. కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు. ఏదీ పిగలలేదు. లేచాడు, ఇంకోసారి కూర్చున్నాడు, ఈసారి ధైర్యంగా.

"అమ్మా, కూర్చోవడానికి కూడా వీలుంటుందని నాకు తెలీదమ్మా ఈ బట్టల్లో," అన్నాడు.

"వెనక్కి తిరగండోసారి," అందామె. భుజం దగ్గర కొంచెం ముడత ఉంది. టేపు తీసుకుని, మోకాలి మీద చెయ్యి ఆన్చి, అటువైపు నడిచింది.