గుమ్మం దగ్గర వదిన

తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నాను. మా వదిన కళ్లు గప్పేద్దామనుకున్నాను. అన్నయ్యకు బ్లడ్ క్యాన్సర్. మందుల దెబ్బకు ఒంట్లో తెల్లకణాలు అడుగంటాయి. ఏ క్రిమైనా సోకి జ్వరం వచ్చిందంటే ఆసుపత్రికి పరుగేననీ, పైవారం వైద్యం కూడా ఆగిపోతుందనీ డాక్టరు చెప్పాడు. ఆ రోజే వదిన అన్నయ్య గది గుమ్మం పక్కన స్టూలు వేసి సబ్బు, మగ్గు, బకెట్టు పెట్టింది. వాచీ, ఉంగరం తీసి బీరువాలో పడేసింది, గోళ్లు మొదలంటా కత్తిరించేసింది. అన్నయ్య చేతికున్న మందు ఎక్కించే గొట్టం మూత తుడిచేటప్పుడు పెదాలు కదుపుతూ పదిహేను లెక్కపెడుతుంది; మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు. జలుబుతో వచ్చిన సొంత అక్కను కూడా కిటికీ బయటి నుంచే మాట్లాడించి పంపేసింది. అక్క మూతి ముడుచుకుని వెళ్లింది. వదిన కిటికీ ఊచలు తుడుచుకుంది.

నిన్న నేను చేతులు ఊరికే తడిపి, బుద్ధిమంతుడిలా వెళ్లి నిలబడ్డాను. నా వేళ్లు వాసన చూసి వెనక్కి తరిమింది. ఈసారి మోచేతుల దాకా రుద్ది, "ఆపరేషన్‌కి రెడీ డాక్టరమ్మా!" అన్నాను. నవ్వి దారిచ్చింది. మంచం పక్కన కూర్చుని, అన్నయ్యకు ఓ నవ్వుల వీడియో చూపిద్దామని జేబులోంచి ఫోను తీసి ఇవ్వబోయాను. వదిన చెయ్యి అడ్డం పడింది.

"ఫోనే కదా వదినా, అదేమైనా తుమ్ముతుందా?"

"తుమ్మదు నాయనా. పొద్దున నీతోపాటు అరగంట బాత్రూములో కూర్చుంది కదా, అది చేతులు కడుక్కుందా?"