పంపు కొట్టే వయసు

పెదపాడు దగ్గర ఒక చర్చి ఆవరణలో వేసవి సెలవుల్లో పిల్లలకు తరగతులు పెట్టారు. ఏలూరులో సైన్సు టీచర్ని కదా, రాకెట్లు చేయించే పని నాకు అప్పజెప్పారు. దీపావళి మందు కూరి పెద్దదొకటి ఎగరేస్తే తల్లిదండ్రులు సంబరపడతారని పాస్టరుగారు అన్నారు. పెద్దల వేడుక కోసం పిల్లల వేళ్లు పణం పెట్టలేనండీ అని చెప్పేశాను. నాకు మొహమాటం తక్కువ.

ఐదో తరగతి దాకా పిల్లలకు స్ట్రా మీద కాగితం గొట్టం తొడిగి ఊదడం. ఆపై తరగతులవాళ్లకు కొంచెం నీళ్లు పోసిన ప్లాస్టిక్ కూల్‌డ్రింకు సీసాకు బిరడా బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టడం. బిరడా ఊడితే సీసా ఎటు లేస్తుందో చెప్పలేం. ముఖం అడ్డం పెట్టకు అంటే గుర్తుపెట్టుకునే వయసు ఉండాలి.

నాలుగో తరగతి పిల్ల ఒకతె రోజూ తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చేది. తల్లి రొయ్యల షెడ్డులో పనికి వెళ్తుంది. ఆ పిల్ల పెద్దపిల్లలతోపాటు పంపు దగ్గర నిలబడింది. చిన్నపిల్లల వైపు రమ్మంటే కదల్లేదు.

"పొద్దున్నే గ్యాసు వెలిగించి అన్నం వండానండీ. వీడికి స్నానం చేయించానండీ. పంపు కొట్టలేనాండీ?"

నాకు ఒళ్లు మండింది, ఆ పిల్ల మీద కాదు. పొయ్యి దగ్గర ఎవరూ దాని వయసు అడగలేదు. అడిగింది నేనొక్కదాన్నే, అదీ ఆట దగ్గర. పోనీ తల్లిని అందామా అంటే, ఆవిడ పనికి పోకపోతే ఇల్లు గడవదు. కొట్టనిస్తే పోలేదా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ పెద్దపనులు ఆ పిల్లకు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

"పంపు వద్దు. వాణ్ణి ఇలా ఇవ్వమ్మా," అన్నాను.

కొత్తవాళ్ల దగ్గర ఏడుస్తాడని నసిగింది. ఏడిస్తే ఏడవనీ అన్నాను. అక్క అన్నట్టే వాడు ఏడ్చి ఏడ్చి నా పమిట తడిపేశాడు. ఆ పిల్ల ముఖం ముడుచుకునే కాగితం చుట్టి, అంటించి, ఊదింది. మొదటిది కాళ్ల ముందే పడింది. దానికి పౌరుషం వచ్చింది. రెండోసారి బుగ్గలు పూరించి ఊదితే గొట్టం గేటు దాకా పోయింది. చెప్పులు ఎక్కడివక్కడ వదిలేసి, కేరింతలు కొడుతూ దాని వెనక పరిగెత్తింది.

తిరిగొచ్చాక తమ్ముడి కోసం చేతులు చాస్తుందనుకున్నాను. వాడింకా ఏడుస్తూనే ఉన్నాడు. ఆ పిల్ల వాడి వైపు చూడనైనా లేదు.

"ఇంకో స్ట్రా ఇవ్వండి టీచరుగారూ," అంది.