చిన్న వై

కృపమ్మకు కంప్యూటర్ నేర్పింది సారంగపాణి అని ఆఫీసు ఫైల్లో రాసి ఉంది. నిజానికి ఆయన ఆమెకు నేర్పింది ఒకటే, ఆ గదిలోకి చెప్పులతో రాకూడదని.

కృపమ్మది డోర్నకల్. తండ్రి రైల్వేలో పాయింట్స్‌మన్. టైపు లోయరూ హయ్యరూ పాసై, డెబ్బై మూడులో హనుమకొండలోని ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుగా చేరింది. పల్లెలకు చేతిపంపులు వేయించే ఆఫీసు అది. చేతిపంపును జనం బోరింగు అంటారు. వేసినవాటికి లెక్కలేదు, చెడినవాటిని పట్టించుకునే నాథుడూ లేడు. పదమూడేళ్ళు ఆమె ఇంజనీర్ల అబద్ధాలను తప్పుల్లేని ఇంగ్లీషులో టైపు చేసింది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇంజనీర్లు మారారు, ఉత్తరాల్లో వాక్యాలు మాత్రం మారలేదు.

ఎనభై ఆరులో కంప్యూటర్ వచ్చింది. దానికో ఏసీ గది, తలుపుకు పరదా, మీద కప్పడానికి పట్టు అంచు గుడ్డ. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సారంగపాణి హైదరాబాదులో రెండు వారాల ట్రైనింగుకు వెళ్ళి, అక్కడిచ్చిన సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి తెచ్చాడు. మొదటిరోజు తెరకు కుంకుమ బొట్టు పెట్టి, కుర్చీలో కూర్చుని, నాలుగైదు బటన్లు నొక్కాడు. నల్లటి తెర మీద ఆకుపచ్చ చుక్క ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉండిపోయింది. కరెంటు తక్కువగా వస్తోందని ప్రకటించి లేచాడు. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చున్నది ఫొటో కోసమే.

దాంతోపాటు వచ్చిన లావుపాటి పుస్తకాన్ని కృపమ్మ ఇంటికి తీసుకుపోయింది. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పే భర్త సుందర్ రావు, ఈ వయసులో ఏం పరీక్ష రాస్తావని నవ్వాడు. రెండు నెలల్లో ఆమెకు ఆ యంత్రం గుణం అర్థమైంది. చెప్పిందే చేస్తుంది, చెప్పనిది చేయదు, పొద్దున ఒకటి చెప్పి సాయంత్రం అననే లేదని బుకాయించదు. ఇలాంటి మనిషి ఆ ఆఫీసులో ఇంతవరకు ఆమెకు తారసపడలేదు.

మొదటి పెద్ద పని జిల్లాలోని బోరింగుల లిస్టు. ఒక్కోదానికి ఊరి పేరు, వేసిన సంవత్సరం, చివరి గడిలో ఒక అక్షరం. పనిచేస్తుంటే వై, చెడిపోతే ఎన్. కింది ఇంజనీర్లు పల్లెలు తిరిగి ఫారాలు నింపి పంపాలి. వాళ్ళు తిరగలేదు. జీపు లేదని ఒకరు, ఎండ ఎక్కువగా ఉందని ఒకరు. రెండువేల మూడువందల ఫారాలు వస్తే తొమ్మిదివందలకు పైగా చివరి గడి ఖాళీ.

కృపమ్మ వెళ్ళి అడిగింది. సారంగపాణి తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఖాళీ ఉంటే వై కొట్టమ్మా. కంప్యూటర్‌కు ఖాళీ అర్థం కాదు."

ఖాళీ ఆ యంత్రానికి చక్కగా అర్థమవుతుందని ఆమెకు తెలుసు. రాసివ్వమని అడిగింది. ఇంత చిన్న విషయానికి కాగితమెందుకని ఆయన విసుక్కున్నాడు.

ఆమె వెనక్కి వచ్చి కూర్చుంది. నిజంగా పనిచేస్తున్నాయని ఫారంలో ఉన్నవాటికి పెద్ద అక్షరంలో వై కొట్టింది. ఖాళీలన్నిటికీ చిన్న అక్షరం వై కొట్టింది. ఎవరూ చూడలేదు. చూడటానికి లిస్టు విప్పాలి కదా. నూటికి తొంభై బోరింగులు భేషుగ్గా నడుస్తున్నాయని హైదరాబాదుకు రిపోర్టు పోయింది, సారంగపాణికి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది.

మరుసటి ఎండాకాలం బావులెండిపోయాయి. జిల్లాకు కొత్తగా వచ్చిన కలెక్టరు ఆ లిస్టు చేతపట్టుకుని, తొర్రూరు దాటాక ఒక పల్లె మీద వేలు పెట్టి, అక్కడికి పోదామన్నాడు. లిస్టు చదివిపెట్టే మనిషి కావాలి కాబట్టి సారంగపాణి కృపమ్మను కూడా జీపెక్కించాడు.

లిస్టు ప్రకారం ఆ ఊళ్ళో నాలుగు బోరింగులు నడుస్తున్నాయి. మొదటిదానికి ఒక దూడ కట్టేసి ఉంది. పక్కనే చిలుకమ్మ అనే ముసలామె గడ్డి వేస్తోంది. ఇందులో నీళ్ళొస్తాయా అని కలెక్టరు అడిగాడు.

"గిది పోయి మూడేండ్లాయె సారూ. కొట్టే కట్టె గూడ ఎవలో ఎత్కపోయిన్రు. ఇప్పుడైతే దూడను కట్టెయ్యనీకె అక్కరకొస్తాంది."

మరి నీళ్ళెక్కడివని అడిగితే, ఆమె చేత్తో దూరంగా ఒక వ్యవసాయ బావి వైపు చూపించింది. పోను ఒక కోసు, రాను ఒక కోసు.

సారంగపాణి గొంతు సవరించుకుని, ఇది కంప్యూటర్ మిస్టేక్ అన్నాడు. కొత్త యంత్రం కదా, అప్పుడప్పుడు అలా చేస్తుందట. ఆ మాటతో కృపమ్మకు ఒళ్ళు మండింది. ఆ ఆఫీసులో అబద్ధమాడనిది అదొక్కటే.

"యంత్రం తప్పేం లేదు సార్," అంది కలెక్టరుతో. "మీ చేతిల లిస్టు జర చూడుండ్రి. దీని ముంగట చిన్న వై ఉన్నది. పెద్ద వై ఉన్నయి ఫారంల రాసొచ్చినయి. చిన్న వై ఉన్నయి ఎవలు చూడనియి."

"చూడకుండ వై ఎందుకు పెట్టిన్రు?"

"ఖాళీ ఉంటే వై కొట్టుమని నోటిమాట ఆర్డర్ సార్. రాసియ్యమన్న, రాసియ్యలే."

కలెక్టరు కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఆ ఊళ్ళో మూడు చిన్నవి, ఒకటి పెద్దది. పెద్దదాని దగ్గరికి వెళ్ళి తనే నాలుగు దెబ్బలు కొట్టాడు. నీళ్ళొచ్చాయి.

కృపమ్మ గెలిచినట్టేమీ అనుకోలేదు. సంవత్సరం పాటు ఆ చిన్న అక్షరాన్ని తలచుకుని ఎవరికీ తెలియని తెలివి తనదేనని లోలోపల మురిసింది. ఆ సంవత్సరమంతా చిలుకమ్మ నీళ్ళకు రోజూ రెండు కోసులు నడిచింది. సారంగపాణిని అసహ్యించుకోవడం కృపమ్మకు అలవాటే. జీపులో తిరిగొస్తున్నంతసేపూ ఆ అసహ్యంలో కొంత తనకూ వాటా పెట్టుకుంది.

చిన్న వైల లిస్టు ఐదు నిమిషాల్లో తీసి ఇచ్చింది. మెకానిక్కులు ముందు ఆ ఊళ్ళకే పోవాలని కలెక్టరు ఆర్డరు వేశాడు. వానలు పడేలోపు రెండువందల దాకా బాగయ్యాయి. తర్వాత కలెక్టరుకు బదిలీ అయింది, మెకానిక్కులు ఆగిపోయారు.

అప్పుడు ఆఫీసుకు తీరిక దొరికింది. కృపమ్మకు మెమో వచ్చింది. పెద్ద అక్షరాలు వాడవలసిన చోట పై అధికారుల అనుమతి లేకుండా చిన్న అక్షరాలు ఎందుకు వాడారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. నీళ్ళు రాని బోరింగుల గురించి అందులో ఒక్క మాట లేదు. అనుమతి అడిగితే ఇచ్చేవారు కాదు కనుక అడగలేదని ఆమె ఒకే వాక్యం రాసిచ్చింది. పదిహేను రోజుల్లో డోర్నకల్ బదిలీ. అది ఆమె పుట్టినూరని శిక్ష వేసినవాళ్ళు చూసుకోలేదు. సారంగపాణి ప్రమోషన్ మీద హైదరాబాదు పోయి, జిల్లా ఆఫీసర్లకు కంప్యూటర్ల మీద ఉపన్యాసాలు ఇస్తున్నాడని తెలిసింది.

హనుమకొండలో ఆ యంత్రాన్ని నడిపేవాళ్ళు మిగల్లేదు. ఆరు నెలలు గుడ్డ కప్పి ఉంచారు. హైదరాబాదు నుంచి మళ్ళీ లిస్టు అడిగేసరికి కొత్త ఇంజనీరు డోర్నకల్‌కు జీపు పంపాడు. ఏ గడిలో ఏం కొట్టాలో రాసి సంతకం చేసిస్తేనే వస్తానని చెప్పి, కృపమ్మ జీపును ఖాళీగా తిప్పి పంపింది. రెండోసారీ అంతే. మూడోసారి డ్రైవరు కొమురెల్లి ఒక కాగితం తెచ్చాడు. ఇంజనీరు సొంత దస్తూరీ, కింద సంతకం, తేదీ. ఖాళీలను ఖాళీగానే ఉంచవలెను అని ఉంది.

ఆమె దాన్ని రెండుసార్లు చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుని, టైపు మిషన్‌కు మూత వేసి జీపెక్కింది.