రత్నం మాస్టారు అడిగిన మాట

ఎవరికీ చెప్పుకోలేని మాట ఒకటి ఇన్నేళ్లుగా నా గుండె మీద బరువుగా కూర్చుని ఉంది. ప్రార్థనలో కూడా దాన్ని దాటేసి పక్కకు పోయేవాణ్ణి. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

రాజమండ్రి మిషను బడిలో నేనూ, రత్నం మాస్టారూ ఉపాధ్యాయులం. ధవళేశ్వరంలో కాలవల ఇంజనీరు దొరగారి భార్య మాకు తమ దేశపు సంగీతం నేర్పారు. నాలుగు వాయిద్యాలు, నలుగురే మనుషులు. దొరసానిగారు, పాదిరిగారు, నేను ఫిడేళ్లు పట్టేవాళ్లం. మాస్టారు మోకాళ్ల మధ్య పెద్ద ఫిడేలు నిలబెట్టుకుని వాయించేవారు. ఆ నాదం వింటే నాకు కడుపు నిండేది. కడుపు మండేది కూడా.

ఆయనకు చూపు పోతోందని నాకొక్కడికే తెలుసు. వాయించేదంతా ఆయనకు కంఠతా వచ్చు. కానీ మధ్యలో పెద్ద ఫిడేలు చాలాసేపు ఊరుకోవాలి. దొరసానిగారు తల ఊపినప్పుడు మళ్లీ అందుకోవాలి. ఆ ఊపు ఆయనకు కనబడదు. అందుకని పక్కనే కూర్చునే నేను నా కాలితో ఆయన కాలిని తాకేవాణ్ణి. సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుంది, ఇంటి నిండా పిల్లలు. నన్ను నమ్మి చెప్పారు.

అప్పుడే హెడ్మాస్టరు పని ఖాళీ అయింది. మా ఇద్దరిలో ఆయనకే ఇస్తారని అందరూ అనేవారు.

బడి పెద్దలంతా వినడానికి వచ్చిన సాయంత్రం, దొరసానిగారు ఒక్కరే సన్నగా వాయిస్తున్నారు. మాస్టారు అందుకోవలసిన సమయం ఇంకా కాలేదు. నేను కాలు తగిలించాను. పొరపాటున కాదు. పెద్ద ఫిడేలు గదంతా మోగింది. దొరసానిగారు ఆపేసి, స్వరాలు రాసిన కాగితం ఆయన ముందు పెట్టి, ఎక్కడున్నామో చూపమన్నారు. ఆయన వేలు తడుముకుంటూ కాగితం అంచు దాటిపోయింది. అందరికీ అర్థమైంది.

బయట మెట్ల మీద ఆయన నా చెయ్యి పట్టుకుని అడిగారు.

"మీ కాలు తగిలిందనుకున్నానండి. తగల్లేదా మాస్టారూ?"

"లేదండి."

"అయితే నా భ్రమేనండి. మీ అందరి పరువూ తీశాను. క్షమించండి."

"పోనివ్వండి మాస్టారూ. క్షమించాను."

తగల్లేదని ఎందుకన్నాను? కాలు తగిలించింది ఉద్యోగం కోసం. మరి ఆ అబద్ధం దేనికోసం? అప్పటికే హెడ్మాస్టరు పని నాదని తేలిపోయింది కదా! కళ్లు పోతున్న మనిషి తన ఒంటికి తగిలినదాన్ని కూడా నమ్మకుండా చేశాను. ఆ తర్వాత ఆయన ఫిడేలు ముట్టలేదు. పిల్లలతో సహా పాలకొల్లులో తమ్ముడి పంచన చేరి, అక్కడే పోయారు. కబురు వచ్చిన రోజు నేను హెడ్మాస్టరు హోదాలో బడికి సెలవిచ్చాను. నాది మంచి మనసని మెచ్చుకున్నారు, సిగ్గుతో చచ్చిపోయాను.

ఇది రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతకుమించి నాకేమీ దక్కదు, దక్కకూడదు. ఏ తప్పూ చేయని ఆయన నన్ను క్షమించమన్నారు, నేను క్షమించాను. ఇప్పుడు నేను అడుగుదామంటే ఆయన లేరు.